చర్చి గోడ పక్కన

పుంగనూరు పక్కన మా ఊళ్లో పాడుబడిన చర్చిని ఈమధ్య బాగుచేసి నాటకాలకు ఇచ్చారు. మొదటి నాటకానికి నేనూ పోయాను. మా ఇళ్లలో పసిబిడ్డలను కాల్చరు, పూడుస్తారు. పురిట్లో పోయిన నా కొడుకును, ఎవరూ దున్నని చోటని, ఆ చర్చి గోడ పక్కనే పూడ్చాం. ఇప్పుడు గుర్తురాయి తీసేసి, నాటకం చూసేవాళ్లు కూర్చోడానికి గోడ పక్కంతా బండలు పరిచారు. కిటికీని బట్టి చోటు పోల్చుకున్నాను. సరిగ్గా అక్కడే ఒకామె కుర్చీ వేసుకుని కూర్చుంది.

"రవ్వంత జరుగమ్మా" అన్నాను.

"ఇంత చోటుండాదే, నా కుర్చీ కిందే కావల్లా నీకు?" అని నవ్వింది.

"ఆ బండ కింద నా బిడ్డుండాడమ్మా."

ఆమె దిగ్గున లేచి, కుర్చీ పక్కకు పెట్టి, నాతోపాటు కింద కూర్చుంది. "పేరేంది?" అని మెల్లగా అడిగింది.

ఇన్నేళ్లలో వాడి పేరు అడిగింది ఆమె ఒక్కతే. పేరు పెట్టేలోపలే పోయాడు వాడు.