పెద్ద సిస్టర్ పట్టుబట్టిన డిగ్రీ

మా దవాఖాన పెద్ద సిస్టర్ పోయిందని మొన్న కాజీపేట నుంచి ఆమె కోడలు ఫోన్ చేసింది. వరంగల్‌లో ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి. "నిద్రలోనే పోయిందక్కా, నెమ్మదిగ" అంది కోడలు ఓదార్పుగా. మంచిదే గానీ, నాకు తెలిసి ఆమె దేనికీ అంత నెమ్మదిగా ఒప్పుకున్న మనిషి కాదు.

డెబ్బైల చివర్లో నేను నర్సింగు డిప్లొమా చేసి అక్కడి దవాఖానలో పిల్లల వార్డులో చేరితే నాకు పని నేర్పింది ఆమే. హైదరాబాదు నుంచి నర్సింగులో డిగ్రీ చదివినావిడ వచ్చి పాఠం చెప్పి వెళ్తే, అందరికంటే గట్టిగా నవ్విందీ ఆమే. "పుస్తకం తెరిస్తె జరం దిగుతదానే?" అంది.

ఒకరోజు వర్ధన్నపేట నుంచి తెచ్చిన పసిపాపకు డాక్టరు రాసిన మందు ఎక్కువనిపించి ఆమె సూది వెయ్యలేదు.

"ఎందుకు ఎక్కువో చెప్పు. ఏం చదివినవ్ నువ్వు?" అని అందరి ముందు అరిచాడాయన.

ఆమె చెప్పలేకపోయింది. సిరంజి ట్రేలో పెట్టి, మంచానికి అడ్డంగా నిలబడింది. చివరికి ఆయనే చీటీ మళ్లీ చూసుకుని, అంకె కొట్టేసి, సగం రాసి వెళ్లిపోయాడు. పాప బతికింది.

చేతులు కడుక్కుంటూ నాతో అంది: "నా చేతికి ఎరుకైంది గని నోటికి రాలే. పని చెయ్యనీకి డిగ్రీ అక్కెర లేదే. మన నోరు ఎవ్వడు మూయకుంట ఉండనీకి కావాలె. నువ్వు పొయ్యి చదువు."

చదువుకు సెలవడిగితే పెద్ద డాక్టరు నవ్వాడు. "సూది గుచ్చనీకి డిగ్రీ ఎందుకమ్మా?"

నా వెనకే వచ్చిన ఆమె ముందుకు జరిగింది. "అక్కెర లేదని కాగితం మీద రాసియ్యుండ్రి సార్. వార్డుల గోడకు అతికిస్తం."

ఆయన రాయలేదు. నాకు సెలవిచ్చాడు. వారం తిరక్కముందే ఆమెను వార్డు నుంచి తీసి దుప్పట్ల గదిలో వేశారు. నేను చదివిన రెండేళ్లూ ఆమె పసిపిల్లలను ఎత్తుకోలేదు. ఎవరైనా జాలిపడితే, "నేనేం తప్పు జేసిన్నని?" అని కసిరేది.

డిగ్రీతో తిరిగొచ్చి నేను నర్సులకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. మొదటి క్లాసుకే ఆమె వచ్చి, ఇరవై ఏళ్ల పిల్లల మధ్య ముందు బెంచీలో కూర్చుంది. ఆరోజు పసిపిల్లల కిడ్నీ మందును పెద్దవాళ్లంత త్వరగా ఎందుకు బయటికి పంపలేదో చెప్తున్నాను. "ఆగు, మల్ల చెప్పు" అని నాలుగుసార్లు ఆపింది. బెల్లు కొట్టారు, పిల్లలంతా వెళ్లిపోయారు. తాళం వెయ్యడానికి వచ్చిన అటెండరు గుమ్మంలో నిలబడి దగ్గాడు.

ఆమె తలెత్తలేదు. ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో, పెన్సిలు గట్టిగా నొక్కిపట్టి, కిడ్నీ బొమ్మ గీస్తూనే ఉంది.