సొంత కన్సోల్ పందెం

మొన్న మా బాల్కనీలో నిలబడి నేనేం అరిచానో చెబితే మీరు నమ్మరు. పుట్టింది పోచంపల్లి పక్కన, చేసేది పేపర్లో ఉద్యోగం, ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. అయినా అరిచాను. కారణం ఒక కంప్యూటర్ గేమ్!

మా బామ్మర్ది వంశీ తెనాలి నుంచి రెండు రోజులకని వచ్చాడు. ఇంతలో అటువైపు సమైక్యాంధ్ర సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. రైలు టికెట్ దొరకదు. పొద్దున్నే ఎల్‌బీ నగర్ వెళ్లడం, హైవే మీద ఏ బండైనా దొరుకుతుందేమోనని కాసేపు నిలబడడం, టిఫిన్ టైముకు తిరిగి రావడం. చివరికి విసుగొచ్చి బ్యాగు మంచం కిందికి తోసేసి, లాప్‌టాప్ తెరిచాడు.

"బావా, ఒక గేమ్ చూపిస్తా రండి."

గేమ్ ఏమిటంటే, మనమే ఒక గేముల కంపెనీకి ఓనర్లం. కారు షెడ్డులో మొదలుపెట్టి, ఆటలు తయారుచేసి అమ్ముకోవాలి. వాటిని ఆడడానికి టీవీకి తగిలించే డబ్బా ఒకటుంటుంది, దాన్ని కన్సోల్ అంటారు. ఆ డబ్బాలు వేరే కంపెనీలవి. మన ఆట అందులో ఆడాలంటే వాళ్లకు వాటా ఇవ్వాల్సిందే.

నాకు రక్తం మరిగింది.

"ఆట మనది, చెమట మనది, వాటా వాళ్లకెందుకియ్యాలె?"

"బావా, ఇది గేమ్. అసెంబ్లీ కాదు."

"మన డబ్బా మనం చేస్కోరాదా?"

"కంపెనీ పెద్దదయ్యాక చేసుకోవచ్చు. కానీ చాలామంది అక్కడే మునుగుతారు."

"నేను మునగను."

"పందెమా?"

పందెమే! నా కన్సోల్ నిలబడితే వంశీ మా బాల్కనీలోంచి 'జై తెలంగాణ' అనాలి. కంపెనీ దివాలా తీస్తే నేను 'జై సమైక్యాంధ్ర' అనాలి. తీర్పు మా ఆవిడ సుధది. ఆమెకు అటు పుట్టిల్లు, ఇటు అత్తిల్లు. "నేను ఎవరి పక్షమూ కాదు. కానీ కేక వీధి చివరికి వినపడాలి. లోపల గొణిగితే చెల్లదు" అంది.

ఆఫీసుకు సెలవు పెట్టి మరీ కూర్చున్నాను. చెప్పుకోకూడదు గానీ, బాగానే ఆడాను. షెడ్డులోంచి ఆఫీసుకు మారాను. మనుషుల్ని తీసుకున్నాను. మా డెస్కులో వాళ్ల పేర్లే వాళ్లకు పెట్టాను. అక్కడా నాకు తెలియకుండా సెలవు పెట్టేవాళ్లే! రెండు ఆటలు హిట్టయ్యాయి. చివరికి హార్డ్‌వేర్ ల్యాబ్ తెరిచి, సొంత కన్సోల్ మొదలుపెట్టాను. పేరు 'ఇక్కత్ వన్'.

"చీర పేరులా ఉందండీ" అంది సుధ.

"చీర ఎన్నేండ్లు మన్నుతదో నీకు తెల్వదా?"

ఇంజినీర్లు తలలొంచుకుని పనిచేస్తున్నారు. స్క్రీన్ మీద పని ఎంతయిందో చూపే గీత ఒకటి నిండుతోంది. దాని పక్కనే ఎర్ర అంకె. అది మిగిలిన లోపాల సంఖ్య. గీత నిండిపోయింది. ఎర్ర అంకె మాత్రం తాపీగా దిగుతోంది. 'విడుదల' బటన్ వెలిగింది.

"బావా, నొక్కకండి. ఆ ఎర్రది సున్నా అయ్యేదాకా ఆగండి."

ఇక్కడే నా అనుభవం నోరు విప్పింది. "చూడు వంశీ, డెడ్‌లైన్ అంటే డెడ్‌లైన్. తప్పులన్నీ దిద్దినంకనే అచ్చెయ్యాల్నంటే ఈ దేశంల ఒక్క పేపరన్నా వస్తదా? తప్పుంటే రేపు సవరణ వేస్తం. ఖతం."

నొక్కాను.

మొదట్లో అమ్మకాలు చూడాలి! గ్రాఫు చెట్టెక్కినట్టు ఎక్కింది. నేను కాలు మీద కాలేసుకుని, "గొంతు సవరించుకో బామ్మర్ది" అన్నాను.

తర్వాత ఒక చిన్న సందేశం వచ్చింది. కొన్ని ఇక్కత్ వన్‌లు చెడిపోయాయి, బాగుచేయాలి అని. సరేనన్నాను. మళ్లీ వచ్చింది. మళ్లీ. అమ్మిన డబ్బాలన్నీ ఒక్కొక్కటే పుట్టింటికి తిరిగొస్తున్నట్టు వచ్చాయి. ఇంజినీర్లందరూ రిపేర్లకే సరిపోయారు, కొత్త ఆటలు చేసేవాడు లేడు. ఇక్కత్ వన్ కోసం ముందే చేసిన ఆటలు అమ్ముదామంటే అవి అందులో తప్ప ఆడవు. ఇక్కత్ వన్ ఏమో రిపేర్లో ఉంది!

"దీంట్ల సవరణ ఏడ వెయ్యాలె?" అన్నాను.

"అలాంటి బటన్ లేదు బావా."

మెనూలన్నీ వెతికాను. నిజంగానే లేదు. నలుగురిని ఉద్యోగాల్లోంచి తీసేశాను. బ్యాంకు అప్పిచ్చింది. అదీ రిపేర్లే తిన్నాయి. కాసేపటికి స్క్రీన్ మీద, మీ కంపెనీ దివాలా తీసింది, ఆడినందుకు ధన్యవాదాలు అని వచ్చింది. ధన్యవాదాలట!

సుధ బాల్కనీ తలుపు తీసి పట్టుకుంది.

మధ్యాహ్నం వేళ, వీధి నిద్రపోతోంది. ఇదే మంచి సమయమనుకున్నాను. గొంతెత్తి ఒక్క కేక: "జై సమైక్యాంధ్ర!"

నిశ్శబ్దం. బతికిపోయాను అనుకునేలోగా ఎదురింటి రావు గారు పడక్కుర్చీలోంచి బనియన్ మీదే లేచి నిలబడ్డారు. గుంటూరు మనిషి. ఇన్ని నెలలుగా ఎంత అణుచుకున్నారో ఏమో, పిడికిలెత్తి "జై!" అన్నారు. నా కేక కంటే గట్టిగా!

కింద జిరాక్స్ షాపు యాదగిరి బయటికి దూకాడు. "ఎవడ్రా అది? జై తెలంగాణ!" పక్క మేడ మీద నుంచి ఇంకో జై. టైలర్ షాపులోంచి ఇంకో జై. వీధి మొత్తం లేచింది. యాదగిరి తలెత్తి మా వైపు చూసేసరికి నేనూ అప్రయత్నంగా, మనస్ఫూర్తిగా, "జై తెలంగాణ!" అని అరిచాను. ఒకే బాల్కనీ, రెండు వాదాలు. వంశీ నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

రావు గారిని వాళ్లావిడ లోపలికి లాక్కెళ్లాక వీధి చల్లబడింది. అప్పుడు ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి.

"అన్నా, మీ గల్లీల ఎవడో సమైక్యాంధ్ర నినాదం ఇచ్చిండట గద! లీవ్ అయితే అయింది, నువ్వు ఆడనే ఉన్నవ్. జర చిన్న న్యూస్ ఐటం కొట్టు."

కొట్టాను. ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది, అన్నీ కచ్చితంగా రాశాను. 'ఎవరు' దగ్గర కాసేపు ఆగి, 'గుర్తు తెలియని వ్యక్తి' అని రాశాను.

సుధ భుజం మీంచి చదివింది. "ఇన్నేళ్లు కాపురం చేసినా నాకూ సరిగ్గా తెలియలేదు లెండి. అలాగే ఉంచండి."

మర్నాడు పొద్దున్నే యాదగిరి పేపరు చేత్తో పట్టుకుని షాపు ముందు నన్ను ఆపాడు. చాయ్ తెప్పించాడు. నా ఐటం రెండుసార్లు పైకి చదివాడు. కళ్లల్లోకి చూస్తూ అన్నాడు:

"అన్నా, నువ్వు పేపరోనివి, నీకు ఎట్లనన్న తెలుస్తది. ఆ గుర్తు తెల్వనోడు దొరికితే నాకొక్కసారి చూపియ్యి. మంచిగ కండ్ల నిండ చూస్త వాణ్ణి."

పాపం, చూస్తూనే ఉన్నాడు.