డబ్బాకు మోగొద్దు

దేవరకొండ బస్సులో నా పక్క సీటాయన బోరు మోటరు స్టార్టరు డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చేతిలో కరెంటు చూసే మీటరు. దాని సూదులు వైరు రెండు కొసలకూ ఆనిస్తే కుయ్యిమనేది. తర్వాత ఒక సూదిని వైరు మీదే ఉంచి, రెండోది ఇనుప డబ్బాకు ఆనించి చెవి వంచేవాడు. చప్పుడు ఉండేది కాదు. మళ్లీ మొదటినుంచి అదే పని.

"ఎన్నిసార్లు చూస్తవన్నా? మంచిగనే మోగుతాంది గద," అన్నాను విసుగ్గా.

"వైరుకు మోగాలె, డబ్బాకు మోగొద్దు. మోగిందంటే డబ్బాకు కరెంటొస్తది." ఆ డబ్బాను చూపిస్తూ అన్నాడు. "పోయినేడు గిదే డబ్బా బావకు బాగుచేసిచ్చిన. వైరుకు మోగంగనే మూత బిగించిన. డబ్బాకు పెట్టి చూడలే. తెల్లారి బావ తడిచేతుల్తోని మోటరెయ్యవోయిండు."

ఆయన మళ్లీ సూదిని డబ్బాకు ఆనించాడు.

"బావ పోయినంక మోటరేసేది మా చెల్లె. చెడిపోతే మల్ల నాకే పంపింది, నువ్వే చెయ్యన్నా అని."

వాళ్ల ఊరు రాగానే లేచి, సూదిని చివరిసారి డబ్బాకు ఆనించాడు. సరిగ్గా అప్పుడే డ్రైవరు హారన్ కొట్టాడు.

"మోగలే గద, తమ్మీ?" అని నా కళ్లలోకి చూశాడు.

"మోగలే అన్నా," అన్నాను.

ఆయన దిగిపోయాడు. ఆ హారన్ మోతలో నాకేమీ వినపడలేదని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.