మెట్టు మీది అవ్వ

కోడుమూరులో మా బట్టల అంగడి మెట్టు మీద ఒక అవ్వ పండుకునేది. తెల్లారి మెట్లు కడగడానికి నేను బిందెతో బయటికి వచ్చేసరికి లేచి, కప్పుకున్న గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని, "ఇంగ నీళ్లు పొయ్యప్పా" అనేది. మా అంగడికి తెల్లారేది ఆ మాటతోనే.

పోయిన చలికాలం మంచు శానా పట్టింది. ఎండకు తప్ప దేనికీ భయపడని ఊరు మాది. చలికి మనుషులు పోతారంటే నమ్మేవాళ్లం కాదు. అయినా ఆమె వణుకు చూడలేక ఒక ఉన్ని దుప్పటి ఇచ్చాను.

"దీనికి బదులేమడుగుతావప్పా?" అంది.

బేరాల మధ్య పెరిగిన నోరు ఊరుకుంటుందా? "ఏముందవ్వా, మెట్టు ఖాళీ చెయ్యి, చాలు" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. దుప్పటి మడత చెడకుండా తిరిగి నా చేతిలో పెట్టింది.

"తమాషాకు అన్నానవ్వా, ఊరికేనే ఇస్తాండాను!"

"అంగడోళ్లు ఊరికే ఇచ్చేది నేను యాడా చూడలేదప్పా."

మూడు రోజులు బతిమాలాను. వద్దన్నవాళ్లకు కూడా చీరలు అంటగట్టే నేను, ఆమెకు ఒక దుప్పటి ఊరికే ఇవ్వలేకపోయాను.

నాలుగో రోజు తెల్లారి ఆమె లేవలేదు. నీళ్లు పొయ్యమంటుందని బిందె పట్టుకుని అట్లే నిలబడ్డాను. చివరికి వంగి చెయ్యి ముట్టుకుంటే, మెట్టు రాయంత చల్లగా ఉంది.

లోపలికి పోయి ఆ దుప్పటే తెచ్చి కప్పాను. ఈసారి బదులేమడుగుతావని ఆమె అడగలేదు.