మార్తమ్మ అడిగిన ఒక్క మాట

గోదావరిఖనిలో మార్తమ్మ అనుమానించని మనిషి లేడు. పాలలో నీళ్లు కలిస్తే పాలవాడి మీద అనుమానం, కలవకపోతే ఇంకా పెద్ద అనుమానం. పాస్టరు జాన్ ప్రసాద్ కొత్త చొక్కా తొడిగినా ఓ కంట కనిపెట్టేది. అలాంటి మనిషికి, వచ్చినవాళ్లను ఏమీ అడగకూడదన్న చర్చి వాకిలి అప్పగించారు.

ఆ చర్చిని పెట్టింది ఆమె మామ యోనా, బొగ్గు కోసే కార్మికుడు. దేవుడు ఒక్కడే, ఏ పేరుతో పిలిచినా పలుకుతాడని వాదించి, కొందరిని వెంటబెట్టుకుని పెద్ద చర్చి నుంచి బయటికొచ్చాడు. సమ్మె రోజుల్లో ఆ రేకుల షెడ్డులోనే అంబలి కాచి పోసేవారు. తలదాచుకోవడానికి వచ్చినవాళ్లను ఎవరు, ఎక్కడివారు అని అడగొద్దని యోనా కట్టడి చేశాడు. తెలియకపోతే పోలీసులు వచ్చినా చెప్పడానికేమీ ఉండదు కదా. యోనా పోయినా కట్టడి పోలేదు. వాకిలి ఊడ్చి, వచ్చినవాళ్లకు నీళ్లిచ్చే మార్తమ్మ నోరు నొక్కుకుని దాన్ని కాపాడుతూ వచ్చింది.

ఈ వేసవిలో చర్చివాళ్లు జమున తరఫున నిలబడ్డారు. ఆమె భర్త కిషన్ ఓపెన్‌కాస్ట్ గనిలో ఓ కాంట్రాక్టరు దగ్గర మట్టి లారీ నడుపుతూ, లారీ బోల్తాపడి చనిపోయాడు. అతను డ్యూటీలో లేడని, తాగి లారీ తీసుకుపోయాడని కాంట్రాక్టరు అంటాడు. డ్యూటీలోనే ఉన్నాడని చెప్పే సాక్షి ఒక్కడు దొరికితే జమునకు, ఆమె బిడ్డకు పరిహారం వస్తుంది. జమున చర్చి మనిషి కాదు, ఆదివారాలు రాదు. మిగతా రోజుల్లో చర్చి ఆడవాళ్లతో కలిసి కాంట్రాక్టరు ఆఫీసు ముందు కూర్చుంటుంది.

సరిగ్గా అప్పుడే ఎవరో ఒకాయన ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. వెనక గోడకు ఆనుకుంటాడు. పాట పాడడు, ప్రార్థనలో కళ్లు మూయడు. జమున పేరు రాగానే ఫోన్లోకి తల వంచుతాడు. మాటలన్నీ రికార్డు చేసి కాంట్రాక్టరుకు మోస్తున్నాడని మార్తమ్మ తేల్చేసింది. ఓ ఆదివారం ఇక ఆగలేక వాకిట్లోనే పట్టుకుంది.

"ఎవలు నువ్వు? నిన్నెవలు పంపిండ్రు?"

అతను తాగబోతున్న నీళ్ల గ్లాసు అరుగు మీద పెట్టేసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. దొంగ దొరికాడని మార్తమ్మ సంబరపడింది.

పాస్టరుతో పని ఉండి అప్పుడే వస్తున్న జమునకు అతను రోడ్డు మీద కనిపించాడు.

"అవ్వా, గా సంపత్ ఈడికెందుకొచ్చిండు? మా ఆయన లారీ యెనకనే ఆయన లారీ ఉండేది. గా రోజు సంది కనవడలే. బసంత్‌నగర్‌ల సిమెంటు లారీ నడుపుతుండని నిన్ననే విన్న."

మార్తమ్మ అరుగు మీద మిగిలిన నీళ్ల గ్లాసు కేసి చూసింది. వెతుకుతున్న సాక్షి తనంతట తాను నడిచివస్తే, తన నోటితోనే తరిమేసింది. సిగ్గుతో జమున ముఖం చూడలేకపోయింది.

మర్నాడు బస్సెక్కి బసంత్‌నగర్ వెళ్లింది. లారీలు ఆగే చోట చాయ్ హోటల్లో సంపత్ ఉన్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"నిన్నెవలు పంపిండ్రు అవ్వా? కాంట్రాక్టరా?"

ఆ మాట ఎంత మండుతుందో మార్తమ్మకు అప్పుడు తెలిసింది.

"ఎవలు పంపలే బిడ్డా. నాదే తప్పు."

"మీ చర్చిల ఎవలేం అడగరంటే వచ్చిన. చెప్పాల్నంటే నాకు భయమైతది. భయం తగ్గేదాక జర కూసుందామనుకున్న. నువ్వేమో అడిగినవ్."

మార్తమ్మ బెంచీ మీద అతని పక్కన కూర్చుంది. ఆదివారం వస్తావా అని అడగాలని నాలుక పీకుతోంది. అడగలేదు. చాయ్ తాగి అతను లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

ఆదివారం ఆమె జమునను పిలిపించి లోపల కూర్చోబెట్టింది. తాను వాకిట్లో, రోడ్డుకు వీపు పెట్టి నిలబడింది. వెనక ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. తల తిప్పకుండానే నీళ్ల గ్లాసు వెనక్కి చాపింది. ఓ చెయ్యి అందుకుంది.

కాసేపటికి లోపలి నుంచి మగగొంతు వినిపించింది.

"గా రోజు కిషన్ డ్యూటీలనే ఉండె. నేను యెనక లారీల ఉన్న."