మా నాయనకు దక్కని గిన్నె

మా ఊరి సంఘాన్ని ఏళ్ల తరబడి నడిపిన పాదిరిని ఇప్పటికీ దేవుడంతటి మనిషి అంటారు. నేననను. ఆయన మా నాయనకు చేసింది రాసిపెట్టకుండా నేను పోను.

కమలాపురం వైపు మెట్ట పల్లె మాది. డప్పు కొట్టే కులం. మా తాత కాలంలోనే వాడంతా క్రైస్తవంలో కలిసింది. పెద్దమ్మ జాతరలో దున్నపోతును నరికేటప్పుడు డప్పు కొట్టడం అప్పుడే మానేశాం. ఒక కరువు ఏట ఊరి రెడ్డి మనుషులు వాన కోసం జాతర పెట్టి, డప్పు మోగేదాకా మా వాడకు వాళ్ల బావి నీళ్లు లేవన్నారు. ఇంట్లో చెల్లెలు జ్వరంతో నాలుక పిడచకట్టి పడి ఉంది. నాయన వెళ్లి కొట్టి వచ్చాడు. ఆ పూటే వాడంతా కడవలు నింపుకుంది, పాదిరి ఇంటివాళ్లతో సహా.

ఆదివారం పాదిరి నాయనను ప్రభువు బల్లకు రానీయలేదు. రొట్టె, ద్రాక్షరసం అందుకోవడాన్ని మేం అలా అంటాం. దానికి దూరం పెట్టడమంటే వెలివేయడమే. కులపంచాయతీలో తప్పు చేసినవాడు మేకను ఇచ్చి పెద్దలకు తినిపించాలి. మతం మారినా మావాళ్లు ఆ పద్ధతిని వెంట తెచ్చుకున్నారు.

"ఒక మేకను ఇయ్యప్పా, తప్పు తీరిపోతాది," అన్నాడు పాదిరి.

"నాకుండేది పాలమేక ఒకటే అయ్యగారూ. బిడ్డ దాని పాలతోనే బతుకుతాండాది."

"తప్పుకు ప్రాయశ్చిత్తం ఉండల్ల గదా!"

ఇచ్చాడు. చర్చి వెనకే కోశారు. ఒక తొడ పాదిరి ఇంటికి పోయింది. మసాలా వాసన మా ఇంటిదాకా వచ్చింది. చెల్లెలు గంజినీళ్లతో ఎట్లాగో బతికింది.

తర్వాతి బల్లకు నాయన ఉతికిన పంచె కట్టుకుని పోయాడు. గడప దగ్గర ఊరుకోలేక అడిగాడు: "అయ్యగారూ, యేసుసామి రక్తం అందరికీ సరిపాయనని మీరే చెప్తిరి. మల్లా నా మేకది యాడికి పాయ?"

"మన కడుపుల్లోకి పాయ మామా!" అని వెనక ఎవడో అరిచాడు. జనం పగలబడి నవ్వారు.

ఆ నవ్వే మా కొంప ముంచింది. పాదిరి ముఖం నల్లబడింది. "మేక ఆ తప్పుకు సరిపాయ. ఈ నోటికి వేరే ఉండాది. నా కాళ్లు పట్టుకునేదాకా నీకు బల్ల లేదు."

నాయన పట్టుకోలేదు. ఏ బల్ల ఆదివారమూ మానకుండా వచ్చి గుమ్మం బయట కూర్చునేవాడు. బయటివాడిగానే చచ్చిపోయాడు.

నేను బడి ముఖం చూడలేదు. కనిపించినవాళ్లనల్లా అడిగి అక్షరాలు కూడబలుక్కున్నాను. భక్తితో కాదు, ఆ మనిషికి జవాబు చెప్పాలని. బైబిల్లో యాజకుల, అంటే బలులిచ్చే పూజారుల, సంగతులన్నీ వెతికి చదివాను. పాతకాలపు యాజకుడు జనం పాపానికి బలి ఇచ్చేముందు తన పాపానికి ఇచ్చుకోవాలి. మరి ఆ నీళ్లు తాగినందుకు మా పాదిరి ఏ కోడిని ఇచ్చాడు? ఆ బలులన్నీ సిలువ మీద ఒక్కసారితో ముగిశాయనే కదా మనం బల్ల చుట్టూ చేరేది! ముగియలేదు, ఇంకా నేనున్నానని దేవుడికీ మనిషికీ మధ్య కూర్చోవడానికి ఈయనెవరు?

స్వరాజ్యానికి కొంచెం ముందు నన్ను సంఘపెద్దను చేశారు. మా ఆచారంలో ద్రాక్షరసం గిన్నెను వరసల వెంట తిప్పేది పెద్దలే. పాదిరి అప్పటికి ముసలివాడై, పని మానుకుని, ముందు వరసలో కూర్చునేవాడు. గిన్నె నా చేతికొచ్చిన మొదటి ఆదివారమే ఆయన్ను దాటి పోవాలనుకున్నాను. ఎన్నేళ్లుగానో అనుకున్నదే.

ఆయన ముందు ఆగాను. చేతులు చాచాడు. నేనివ్వలేదు. చర్చి అంతా చూస్తోంది. అప్పుడు నేను చదివిందంతా నాకే అడ్డం తిరిగింది. దాటిపోతే ఆ గిన్నె నా సొత్తవుతుంది, నేనూ ఇంకో పాదిరినవుతాను. ఆయన మీద జాలితో కాదు, ఆయనలా తయారవడం అసహ్యమై, గిన్నెను ఆ చేతుల్లో పెట్టాను. వరసంతా వినేలా అన్నాను:

"తాగండి అయ్యగారూ. దీనికి మీరేం మేకను తోలుకొని రావాల్సిన పన్లే."

ఆయన గిన్నెను పట్టుకునే అడిగాడు: "ఇన్నేండ్లూ కడుపులో పెట్టుకోనుండావా?"

"పెట్టుకోనుండా."

"ఇప్పుడన్నా తీరిందా నాయనా?"

"తీరలే. తాగండి."

తాగాడు. సగం గడ్డం మీద ఒలికింది. నేను తుడవలేదు. గిన్నె తీసుకుని పక్కమనిషి దగ్గరికి నడిచాను.