మొహం చూడకుండా కట్టిన పాట

ఎదురింటి అత్త పోయిందని మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను పట్టుచీర కొంగుకు కుచ్చులు వేస్తున్నాను. "చెనక్కాయలు వలుచుకుంటా గోడకు ఆనుకునిందంట అక్కా. అట్లే ఉండిపోయింది," అన్నాడు. మా ఆయన దుకాణం నుంచి వచ్చి ఏమైందని అడిగితే, "నాకు పాట కట్టడం నేర్పిన ఆమె పోయింది," అన్నాను. ఆయన వింతగా చూశాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో నాకు పాట కట్టడం వచ్చని ఆయనకు తెలియదు మరి. తెలియకుండా చూసుకున్నదీ నేనే.

కదిరిలో మా పుట్టింటికి సరిగ్గా ఎదురిల్లు ఆమెది. చుట్టరికం ఏమీ లేదు, వీధి వరసకు అత్త. మామకు బజారులో ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. ఆ అంగట్లో ఎవరూ కొనని ఒక వంకర చెంబు అత్త పాలబడింది. దాన్ని ఒళ్లో బోర్లించుకుని, వేలి ఉంగరంతో తాళం వేస్తూ పాడేది. ఏళ్ల తరబడి ఉంగరం తగిలిన చోట చిన్న గుంట పడింది. పెళ్లిళ్లలో మగపెళ్లివారు బంతిలో కూర్చోగానే వాళ్లను ఎగతాళి చేస్తూ ఆడవాళ్లు పాడతారు చూడండి, ఆ పాటలకు మా వాళ్లలో ఆమెను మించినవాళ్లు లేరు. ఎవరింట్లో పెళ్లయినా పత్రిక మొదట దేవుడికి, తర్వాత అత్తకు.

ఒక పెళ్లిలో పెళ్లికొడుకు బాబాయి బంగారు రంగు గడియారం పెట్టుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, పదిమందికీ కనబడేలా తిరుగుతున్నాడు. ఎవరో టైమెంతయిందంటే ఆయన తలెత్తి ఎండను చూసి, "పన్నెండు దాటింటాది," అన్నాడు. అంతే, అత్త చెంబు మోగింది.

"గడియారం మామొచ్చె గమ్మత్తు చూడండి,
గంటెంత అంటేను ఎండ చూసి చెప్పె!"

అందరికంటే ముందు నవ్వినవాడు ఆ బాబాయే. చొక్కా చేతులు దించుకుని, అన్నం తినడం ఆపి, ఇంకోసారి పాడమని అడిగాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ మధ్యాహ్నమే ఆమె వెంటబడ్డాను, నాకూ నేర్పించమని.

"నేర్పేదేముండాదే? నోరుండాది, కండ్లుండాయి. కట్టు," అంది.

ఊరికే ఉంటానా? మరుసటి రోజు రెండు పేజీల పాట రాసుకుని వెళ్లాను. అందులో వెన్నెల ఉంది, కోయిల ఉంది, సెలయేరు కూడా ఉంది. అత్త చెనక్కాయలు వలుస్తూ చివరిదాకా విన్నది. ఏ పాటా మధ్యలో ఆపించేది కాదు, అది ఆమె మర్యాద. తర్వాత అడిగింది: "సెలయేరు యాడ చూసినావే పాపా? మన ఏట్లో నీళ్లు చూసి ఎన్నేండ్లాయె? మన వీధిలో ఉండేవి కోతులు. వాటిమీద ఒక్క మాటన్నా రాసినావా?"

నాకు రోషం వచ్చి కాగితం మడిచేశాను. "ఆ కాగితం ఈడ పెట్టి పో," అంది. "సాయంత్రం రా. కాగితం లేకుండా ఎంత గుర్తుంటే అంత పాడు." సాయంత్రానికి నాకు ఒక్క వరుస కూడా మిగల్లేదు. "అదీ సంగతి," అని నవ్వి, వలిచిన వేరుశనగ పలుకులు గుప్పెడు నా చేతిలో పోసింది. కొత్తగా పాట కట్టాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమైనా ఉంటే ఇదే. పొద్దున కట్టింది సాయంత్రం దాకా నోట్లో నిలబడితే ఉంచుకోండి, పోయిన మాటల కోసం వెతకొద్దు.

అలా నాలుగేళ్లు. పల్లవి అంటే వాకిట్లో నిలబడి పిలిచే పిలుపు అనేది. "ఒదినా అంటే ఆయమ్మ తిరిగి చూడల్ల. చూడకుంటే నీ పిలుపులో బలం లేదని." రెండోసారి పాడేసరికి పక్కనున్న నలుగురు ఆడవాళ్లు అందుకోవాలనేది. అందుకోలేకపోతే అది పాట కాదట, ఉత్తరమట. నేను మాటలు కుక్కి కుక్కి పొడుగు వరుసలు కట్టేదాన్ని. "ఊపిరి ఎవురు పీల్చుకుంటారే, మీ నాయనా?" అని కసిరేది. నాయన నిజంగానే అరుగు మీద కూర్చుని వింటూ ఉండేవాడు, ఉలిక్కిపడేవాడు.

అన్నిటికంటే గట్టిగా చెప్పిన మాట వేరే ఉంది. ఎగతాళి పాట కట్టే ముందు ఆ మనిషి మొహం చూడాలి, పాడేటప్పుడూ మొహమే చూడాలి. "మనిషి తనకు తాను తెచ్చుకున్నదాన్ని అనొచ్చు. మీసం, పొట్ట, గడియారం, కొత్త చెప్పులు. దేవుడిచ్చినదాన్నీ, ఇయ్యనిదాన్నీ అనరాదు. వాళ్లు ముందు నవ్వల్ల, ఆమీట మనం." ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. విన్నాను. తలూపాను కూడా.

మా వీధిలో ఒకమ్మాయి పెళ్లి ధర్మవరం సంబంధంతో కుదిరింది. అత్తకు జలుబు చేసి గొంతు పోయింది. "ఈసారి ఆడబిడ్డ మీద పాట నువ్వే పాడు. వాళ్లొచ్చినాక చూసి కట్టు," అని నాకు అప్పగించింది. ఆడబిడ్డ మీద పాటంటే మాటలు కాదు, బంతి మొత్తం చెవులు రిక్కించి వినేది దానికోసమే. నాకు భయం పట్టుకుంది. వాళ్లొచ్చేదాకా ఆగలేదు. పెళ్లికూతుర్ని అడిగి, ఆ ఆడబిడ్డ చేతిసంచి ఒక్క క్షణం కూడా కింద పెట్టదని తెలుసుకున్నాను. అంతే చాలనుకున్నాను. ముందు రోజే కట్టేసి, మరిచిపోతానేమోనని పెళ్లిపత్రిక వెనక రాసుకున్నాను.

బంతిలో పాడాను, పత్రిక చూస్తూ.

"చంకలో పాపంట, సంచి దించదు వదిన,
నిదరొస్తే దానికీ జోల పాడు వదినా!"

నిజం చెబుతాను, నేను కట్టినవాటిలో అంత చక్కగా కుదిరింది ఇంకోటి లేదు. మొదటిసారికే ఆడవాళ్లు అందుకున్నారు. రెండోసారి నేను గొంతు పెంచాను. మూడోసారికి నా గొంతు ఒక్కటే మిగిలింది. అప్పుడు తలెత్తి చూశాను. ఆమె విస్తరి ముందు నుంచి లేచి నిలబడి ఉంది. సంచిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆ ఏడే ఆమెకు నెల తిరగని పాప పోయిందట. బంతిలో మగపెళ్లివారందరికీ ఆ సంగతి తెలుసు, పాడే మా వాళ్లకే తెలియదు.

"ఎవురు కట్టినారు ఈ పాట?" అని మగపెళ్లివారిలో ఒక పెద్దామె గట్టిగా అడిగింది. ఆమె పెళ్లికొడుకు పెద్దమ్మ. తన కొడుకు కోసం నన్ను చూసిపోదామని కూడా వచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు, మా అమ్మకు తెలుసు, ఎదురింటి అత్తకూ తెలుసు.

పోయిన గొంతుతోనే అత్త ముందుకొచ్చింది. "నేనే కట్టినా తల్లీ. పాపకేం తెలుసు? నేను నేర్పిచ్చినట్ల పాడింది. తప్పు నాది," అని ఆడబిడ్డ దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుంది.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పత్రికను నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచుకున్నాను. అప్పుడు నోరు విప్పితే ఏమయ్యేది? మహా అయితే ఒక సంబంధం తప్పిపోయేది. ఆరు నెలలకు ఆ పెద్దమ్మ ఇంటికే కోడలిగా వెళ్లాను. నా పెళ్లిలో అత్త పాడలేదు. పత్రిక ఇచ్చారు, వచ్చి అక్షింతలు వేసి, వెనక వరుసలో కూర్చుని భోంచేసి వెళ్లింది. తర్వాత ఎవరూ ఆమెను పాటకు పిలవలేదు. "నోటికి అదుపు లేని మనిషి," అని మా అత్తగారు నా ముందే ఎన్నోసార్లు అనేవారు. నేను చారు వడ్డిస్తూ ఉండేదాన్ని.

పుట్టింటికి వెళ్లినప్పుడల్లా, ఈసారైనా అత్త కాళ్లు పట్టుకుందామనుకునేదాన్ని. వాకిలి దాటగానే ఆమె అదే ప్రశ్న వేసేది: "ఏమే, కొత్తగా ఏమన్నా కట్టినావా?" లేదనేదాన్ని. "ఎందుకు?" అని ఒక్కసారి కూడా అడగలేదు. చెనక్కాయల చేట నా వైపు కొంచెం జరిపేది. ఇద్దరం వలిచేవాళ్లం. కోపంగా ఉండి ఉంటే చెప్పేయగలిగేదాన్నేమో. ఆమె మామూలుగా ఉండేది, దానితో నా నోరు పెగిలేది కాదు. మళ్లీసారి వచ్చినప్పుడు చెబుదాంలే అని బస్సెక్కేదాన్ని. అలా పద్దెనిమిదేళ్లు వాయిదా వేశాను. నాలాంటి పిరికిదానికి పాటెందుకు?

పదకొండో రోజుకు కదిరి వెళ్లాను. పొద్దున్నే బస్సులో కూర్చున్నాక, ఇన్నేళ్లకు మొదటిసారి నోట్లో ఏదో కదిలింది. ఆమె గురించి ఎనిమిది వరుసలు కట్టాను. కాగితం బయటకు తీయలేదు.

భోజనాల దగ్గర ఆ ఆడబిడ్డ కనబడింది. ఇప్పుడు నాకు వరసకు వదినే అవుతుంది. ఎన్ని శుభకార్యాల్లో ఎదురుపడ్డామో, ఎన్నిసార్లు కాఫీ అందించానో. పక్కన ఇంటర్ చదివే కూతురు ఉంది. ఈమెకు ఇక్కడేం పనా అనుకున్నాను. చేతులు కడుక్కునే చోట పట్టుకుని, మరేమీ ఆలోచించకుండా అనేశాను: "వదినా, ఆ రోజు పాట కట్టింది ఎదురింటత్త కాదు. నేను."

ఆమె చెయ్యి తుడుచుకుంటూ ఉంది. "తెలుసులేమ్మా," అంది.

"అత్త చెప్పిందా?"

"ఆయమ్మ ఎందుకు చెప్తాది? ఆయమ్మ కట్టింటే నా మొహం చూసి కట్టిండేది. అది మొహం చూడకుండా కట్టిన పాట. ఆ పొద్దే తెలిసిపాయె." పక్కనున్న కూతుర్ని చూపిస్తూ మళ్లీ చెప్పింది: "ఈ బిడ్డ పుట్టినప్పుడు మా ఇంటికొచ్చింది. శానాసేపు నా మొహమే చూస్తా కూర్చునింది. ఆమీట ఉయ్యాల పాట కట్టి పాడింది. పోతా పోతా ఒక మాట అనింది. ఆ పాట కట్టినోళ్లకి చెయ్యి బాగుండాది, చూపు ఇంకా రాలేదు, వస్తాదిలే అని."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నేను ఎవరికి చెప్పకూడదని భయపడ్డానో ఆమెకు మొదటి రోజే తెలుసు. ఎవరికి చెప్పాలో ఆమె పోయింది. చూపు వస్తుందని ఆమె నమ్మింది. నేను దాన్ని వాడనేలేదు.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక మా వాకిట్లో నిలబడ్డాను. పొద్దున బస్సులో కట్టినవాటిలో ఎన్ని మిగిలాయా అని చూసుకున్నాను. ఆరు పోయాయి. ఆమె చెంబు మీద ఒకటి, మంచితనం మీద రెండో మూడో, అన్నీ పోయాయి. రెండే నిలబడ్డాయి.

"ఎదురింటి అత్తమ్మ, ఇటు చూడవమ్మా,
ఆ పాట కట్టింది నేనే కదమ్మా."

ఎదురింటి తలుపు వైపు చూస్తూ పాడాను. మొదటిసారి గొంతు సరిగ్గా రాలేదు. రెండోసారి కాస్త గట్టిగానే పాడాను.

తలుపు తెరుచుకుంది. అత్త కోడలు చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"పిలిచినావా ఒదినా?" అంది.

లేదని తలూపాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది, తలుపు మాత్రం వేయలేదు. లోపల గోడ వారన ఇంకా ఎవరూ కదపని, సగం వలిచిన చెనక్కాయల చేట, దాని పక్కన బోర్లించిన చెంబు కనబడుతున్నాయి.